నిమ్మ కోతలకు పోయే ఆడవాళ్ళకు స్మార్ట్ బ్యాండ్లు కడితే వడదెబ్బ ముందే తెలుస్తుందా?

ప్రశ్న: మేస్త్రమ్మ కొడుకు, పొదలకూరు

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది పొదలకూరు దగ్గర పల్లె. మా అమ్మ కూలీల మేస్త్రి. సీజన్‌లో ఇరవై మంది దాకా ఆడవాళ్ళను రెండు ఆటోల్లో నిమ్మతోటలకు తీసుకుపోతుంది. పేరుకు మేస్త్రి గానీ తను కూడా వాళ్ళతో సమానంగా కాయ కోస్తుంది. నేను నెల్లూరులో సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాను. నిమ్మకు మంచి రేటు పలికేది ఎండాకాలంలోనే. అందుకే కోతలు ముమ్మరంగా ఉండేదీ అప్పుడే. తెల్లారకముందే బయల్దేరి, కాయ యార్డుకు తోలే టైముకల్లా బస్తాలు నింపాలి. బస్తా లెక్కన కూలీ కాబట్టి మధ్యలో కూర్చుంటే ఎవరి నష్టం వాళ్ళదే.

నిమ్మచెట్టు నిండా ముళ్ళు. అందుకని చీర మీద మొగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా వేసుకుని గుండీలన్నీ పెట్టుకుంటారు. తలకు తువ్వాలు చుట్టి దాని కొస ముక్కు మీదికి లాక్కుంటారు. చేతులకు పాత సాక్సులు తొడుక్కుంటారు. చెట్టు కిందికి దూరితే గాలి ఆడదు. చెమట కారుతూనే ఉంటుంది గానీ ఆరదు.

పోయిన మేలో మా వీధిలో ఉండే ఒకామెకు వడదెబ్బ తగిలింది. నాకు పెద్దమ్మ వరస. ఎండెక్కిన తర్వాత కింద కూర్చుని రాలిన కాయ ఏరతా ఉంది. ఏరిన కాయ బుట్టలో వెయ్యకుండా బుట్ట పక్కన నేల మీద పెడతా ఉందంట. మళ్ళీ అదే కాయ తీస్తుంది, మళ్ళీ పక్కనే పెడుతుంది. దగ్గరున్నామె "ఏందక్కా, అట్టుండావు?" అని అడిగితే, ఎప్పుడో చచ్చిపోయిన ఎనుము పాలు తీయాలని ఏదో చెప్పిందంట. ఎండకు విసిగిపోయిందిలే అనుకున్నారు. కాసేపటికి పక్కకు ఒరిగిపోయింది. ముఖాన నీళ్ళు చల్లి, ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. ప్రాణం దక్కింది. కానీ కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పారు. ఇప్పుడు ఆమె ఎండలోకి పోవడం లేదు, ఇంటి దగ్గరే కూర్చుని చింతపండు గింజ తీస్తుంది. మా అమ్మ మాత్రం ఆ రోజు నుంచి తోటలో ఎవరైనా రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉంటే చాలు, పేరు పెట్టి పిలుస్తుంది.

అసలు విషయం ఇది. ఫ్లోరిడాలో తోట కూలీల కోసం ఎమరీ విశ్వవిద్యాలయం నర్సింగ్ విభాగం వాళ్ళు, ఫార్మ్‌వర్కర్ అసోసియేషన్ ఆఫ్ ఫ్లోరిడా అనే కూలీల సంఘం కలిసి చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నారని చదివాను. మొదట్లో కూలీల చేత ఒక మాత్ర మింగించారంట. అది కడుపులో ఉండి ఒంటి లోపలి వేడిని కొలిచి, బయట ఉన్న చిన్న యంత్రానికి పంపుతుంది. పని గంటల్లో చాలామందికి 38 డిగ్రీలు దాటుతోందని అలా తెలిసింది. ఇప్పుడు జార్జియా టెక్ ఇంజనీర్లతో కలిసి ఛాతీకి అంటించే మెత్తటి పట్టీ మీద పనిచేస్తున్నారు. గుండె వేగం, చర్మం వేడి, మనిషి కదలిక చూసి, పడిపోకముందే ఫోనుకు హెచ్చరిక పంపాలని వాళ్ళ ప్రయత్నం. అది ఇంకా పరిశోధనలోనే ఉంది, షాపుల్లో దొరికేది కాదు.

మా షాపులో మాత్రం 1,500 నుంచి 2,500 రూపాయల బ్యాండ్లు ఉన్నాయి. గుండె వేగం చూపిస్తాయి, కొన్ని చర్మం వేడి కూడా చూపిస్తాయి. పాత మోడళ్ళు ఓనర్ నాకు కొన్న రేటుకే ఇస్తానన్నాడు. ఇరవై కొని అందరికీ కట్టొచ్చా? ఏ అంకె దాటితే మనిషిని పని ఆపమనాలి? ఇలాంటివి వాడినవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి. డబ్బు పెట్టడానికి సిద్ధంగానే ఉన్నా. దండగైతే మాత్రం ఇంకోసారి ఇంత కూడబెట్టలేను.

జవాబు: సిస్టర్, ఆత్మకూరు

తమ్ముడూ, నేను స్టాఫ్ నర్సుని. 2015 మే నెలలో కూడా డ్యూటీలో ఉన్నా. ఆ వేసవి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా వడదెబ్బతో పోయారు. మన ప్రకాశం, నెల్లూరు జిల్లాలు బాగా దెబ్బతిన్నవాటిలో ఉన్నాయి. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆలస్యంగా వచ్చారు. దారిలో ఎవరూ చల్లబరచలేదు. అందుకే బ్యాండ్ సంగతికంటే ముందు ఇది చెప్తా.

ఆమె కాయ బుట్ట పక్కన పెట్టిందని, చచ్చిపోయిన ఎనుము గురించి మాట్లాడిందని రాశావు చూడు, అదే వడదెబ్బ. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, పిక్కలు పట్టేయడం దాకా అయితే నీడకు చేర్చి నీళ్ళు తాగిస్తే తేరుకుంటారు. మాట తేడా వచ్చిందంటే, మనిషి వింతగా చేస్తుందంటే వేడి మెదడు దాకా పోయిందని లెక్క. లోపల 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. ఒళ్ళు పొడిగా మారితేనే వడదెబ్బ అని చాలామంది నమ్మకం. పని చేస్తూ పడిపోయేవాళ్ళకు ఒళ్ళంతా చెమట ఉండగానే వస్తుంది. పొడిబారేదాకా చూస్తూ కూర్చోవద్దు.

అప్పుడు ముఖాన నీళ్ళు చల్లితే చాలదు. 108కి ఫోన్ కొట్టి, బండి వచ్చేలోపు అక్కడే చల్లబరచాలి. కాయ పోసే పట్టా తోటలో ఉంటుంది కదా. మనిషిని దాని మీద పడుకోబెట్టి, నలుగురు నాలుగు అంచులు పైకి పట్టుకోండి. అందులో బోరు నీళ్ళు పోయండి. ఐసు దొరికితే వేయండి. తల పైన ఉంచి, నీళ్ళు కదుపుతూనే ఉండండి. చొక్కా, తువ్వాలు, సాక్సులు ముందే తీసెయ్యండి. మొగవాళ్ళున్నారని సంకోచం ఉంటే ఇద్దరు చీర అడ్డం పట్టుకోండి, అంతేగానీ బట్టలు ఉంచేయొద్దు. పట్టా లేకపోతే నేరుగా బోరు పైపు కిందే పడుకోబెట్టి విసరండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు గానీ సోడా గానీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరం మాత్ర వేయొద్దు. ఇది జ్వరం కాదు, ఆ మాత్రకు ఈ వేడి దిగదు. బండి వచ్చిందని చల్లబరచడం ఆపొద్దు, తడిబట్టలు, గాలి దారంతా ఉండాలి.

ఇక బ్యాండ్. మీ ముఠాలో బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు ఎంతమంది? యాభై దాటినవాళ్ళలో తప్పకుండా ఉంటారు. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. ఒళ్ళు కాలిపోతున్నా బ్యాండ్ మీద అంకె నెమ్మదిగానే కనిపిస్తుంది. అంకె బాగుంది కదా అని వదిలేస్తే చాలా ప్రమాదం. ఒంట్లో నీరు తీసే మాత్రలు ఇంకో రకం, అవి వేసుకునేవాళ్ళు తొందరగా ఎండిపోతారు. వాళ్ళను మాత్రలు మానమని మాత్రం చెప్పకు. డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ఎండలో పనిచేస్తారని చెప్పి, ఏం చేయాలో అడగమను.

ఇంకొకటి, అమ్మగారికి చెప్పు. కొత్తగా వచ్చినవాళ్ళను, జబ్బుపడో పెళ్ళికి పోయో వారం పది రోజులు మానేసి వచ్చినవాళ్ళను మొదటి రోజే పూర్తి పనిలో దించొద్దు. ఒళ్ళు ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పేది, కొత్తవాళ్ళకు మొదటి రోజు ఐదో వంతు పనే ఇచ్చి, రోజుకు ఇంకో ఐదో వంతు చొప్పున పెంచమని. మన దగ్గర అంత కుదరకపోయినా సగం పూటతో మొదలుపెట్టొచ్చు.

నీళ్ళు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు. దాహం అయ్యేదాకా ఆగొద్దు. అలాగని ఒక్కసారే చెంబులు చెంబులు తాగి గంటకు లీటరున్నర దాటించొద్దు, ఒంట్లో ఉప్పు పలచబడిపోతుంది. లీటరు నీళ్ళకు ఒక ఓఆర్ఎస్ పొట్లం, లేదా ఉప్పేసిన మజ్జిగ. ఇదంతా వాళ్ళకు తెలియక కాదు. అసలు ఎందుకు తాగడం లేదో ఒక్కసారి అమ్మ చేత అడిగించు.

మేస్త్రమ్మ కొడుకు

అక్కా, చాలా థ్యాంక్స్. పట్టా సంగతి అమ్మకు ఫోన్లోనే చెప్పాను. రాత్రి అందరినీ అడిగింది. నలుగురైదుగురు బీపీ మాత్రలు వేసుకుంటున్నారు, పేర్లు తెలియవు. ఖాళీ అట్టలు కవర్లో వేసి ఇమ్మని చెప్పాను, మెడికల్ షాపులో చూపిస్తాను.

నీళ్ళు ఎందుకు తాగరంటే, మీరనుకున్నదే. తోటలో ఒంటికి పోవడానికి చాటు లేదు. పక్క తోటలో మొగ ముఠా ఉంటుంది. పొద్దున ఇంటి దగ్గర పోయినవాళ్ళు మళ్ళీ ఇంటికొచ్చిందాకా బిగబట్టుకుంటారంట. ఇరవై ఏళ్ళుగా అమ్మ కూడా అంతేనంట. నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

జవాబు: కావలి వాడు, చెన్నైలో సెన్సర్ల పని

బ్రదర్, నేను వైద్య పరికరాల కంపెనీలో ఇంజనీర్ని. సిస్టర్ గారు చెప్పిన బీపీ మాత్రల పాయింట్ చాలా ముఖ్యమైనది, మా ఫీల్డులో కూడా దీన్ని మర్చిపోతుంటారు.

మీ షాపు బ్యాండ్ వెనక పచ్చలైటు వెలుగుతుంది కదా. అది చర్మం మీద పడి, కింద రక్తం కొట్టుకునే కొద్దీ ఎంత తిరిగి వస్తుందో చూసి గుండె వేగం లెక్కేస్తుంది. బ్యాండ్ వదులుగా ఉన్నా, మణికట్టు విపరీతంగా కదులుతున్నా లెక్క తప్పుతుంది. నిమ్మ కోతలో మణికట్టు ఒక్క క్షణం ఊరుకోదు. పైగా గాజులుంటాయి. గాజుల మీద బ్యాండ్ కూర్చోదు, గాజులు తియ్యమంటే తియ్యరు, తియ్యమనడం మర్యాద కూడా కాదు. గాజులకు పైన, మోచేతికి నాలుగు వేళ్ళ కింద, కండ ఉన్నచోట బిగుతుగా కట్టండి. అక్కడ కదలిక తక్కువ, అంకె మెరుగ్గా వస్తుంది. పెద్దవాళ్ళ ముంజేతుల మీద పచ్చబొట్లుంటే వాటి మీద పెట్టొద్దు. ఆ సిరా లైటును మింగేస్తుంది.

చర్మం వేడి అంకెను అసలు నమ్ముకోవద్దు. చర్మం వేడి వేరు, లోపలి వేడి వేరు. చెమటతో తడిసిన చర్మం చల్లగా ఉండి, లోపల 39 ఉండొచ్చు. ఎండ నేరుగా బ్యాండ్ మీద పడితే దానికదే వేడెక్కుతుంది. గుండె వేగం ఎలా పెరుగుతూ పోతోందో వరుసగా చూసి లోపలి వేడిని అంచనా కట్టే లెక్క ఒకటి ఉంది, అమెరికా సైన్యం పరిశోధకులు 2013లో ప్రచురించారు. పెద్ద పరికరాలు కొన్ని ఇలాంటి లెక్కలతోనే నడుస్తాయి. మీ బ్యాండ్లో అది ఉండదు.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. చవక బ్యాండ్లలో గుండె వేగం ఎక్కువైందని వచ్చే అలారం, మనిషి కదలకుండా కూర్చున్నప్పుడే మోగేలా పెడతారు. పని చేస్తున్నప్పుడు వేగం పెరగడం మామూలే కదా అని వదిలేస్తుంది. అంటే మీకు కావలసిన సమయంలోనే అది నోరు మూసుకుంటుంది. వ్యాయామం మోడ్ ఆన్ చేసి, అందులో పై హద్దు పెట్టాలి. బ్యాటరీ తొందరగా అయిపోతుంది, రోజూ రాత్రి చార్జింగ్ తప్పదు. ఫోను గట్టు మీద సంచిలో ఉంటే బ్లూటూత్ పది మీటర్లు దాటాక, మధ్యలో చెట్లుంటే ఇంకా ముందే, తెగిపోతుంది. అలారం ఫోనుకు రావాలని కాకుండా చేతి మీదే అదిరేలా చూసుకోండి.

హద్దు అడిగారు. నియోష్ వాళ్ళది తేలిక లెక్క ఉంది: 180లోంచి వయసు తీసెయ్యాలి. యాభై ఏళ్ళామెకు 130. కొన్ని నిమిషాలపాటు దానికి పైనే ఉందంటే పని ఆపాలి. నాకు దానికంటే నచ్చింది రెండో పరీక్ష. బాగా కష్టపడ్డాక కూర్చోబెట్టి, ఒక నిమిషం అయ్యాక చూస్తే ఇంకా 120 పైనే ఉందా? ఉంటే ఒళ్ళు ఓడిపోతోందని అర్థం. దీనికి బ్యాండ్ కూడా అక్కర్లేదు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేస్తే చాలు. కూర్చున్నప్పుడు చేయి కదలదు కాబట్టి బ్యాండ్ కూడా అప్పుడు నిజమే చెప్తుంది.

ఇరవై కొనకండి. రెండు కొని ఒక నెల చూడండి.

జవాబు: గూడూరు కౌలు రైతు

తోట నడిపేవాడి వైపు నుంచి కూడా చెప్పాలి కదా. నేను నిమ్మ కౌలుకు చేస్తున్నా. రేటు ఉన్న నాలుగు రోజులే మాకు ఊపిరి. ఆ రోజు యార్డులో కాయ పడకపోతే రేపు రేటు ఎట్టుంటుందో ఎవరూ చెప్పలేరు. పావుగంటకొకరు బ్యాండ్ అదిరిందని కూర్చుంటే బస్తాలు ఎప్పుడు నిండాలి? ఇంకో భయం కూడా ఉంది. బ్యాండ్‌లో అంకెలు రికార్డ్ అయ్యి, ఎవరికైనా ఏదన్నా అయితే, తెలిసి కూడా పని చేయించాడని కేసు నా మీదికొస్తుంది. చాలామంది రైతులు పైకి చెప్పరు గానీ లోపల ఇదే అనుకుంటారు.

అయినా నువ్వు అడిగింది మంచి మాట. నేను చేసేది చెప్తా. విపత్తుల నిర్వహణ సంస్థ వాళ్ళు రేపు ఏ మండలంలో వడగాడ్పులు, ఎక్కడ తీవ్ర వడగాడ్పులు అని ముందురోజే జాబితా పెడతారు. మా మండలం తీవ్రంలో ఉంటే ఆ రోజు పదికల్లా కోత బంద్. మిగిలింది సాయంత్రం కోసి మర్నాడు తోలుతా. కాయ ఒక్క రాత్రి ఆగితే చచ్చిపోదు. రేటు అటూఇటూ అయితే భరిస్తా. కౌలు కట్టేవాడిగా చెప్తున్నా, ఇది భరించగలిగిన నష్టమే.

జవాబు: కొండపి పొగాకు రైతు

మా ప్రకాశం వైపు విషయం ఒకటి. నిమ్మకు సంబంధం లేదు గానీ బ్యాండ్ల గురించి పొగాకు వాళ్ళు ఎవరైనా ఇది చదివితే పనికొస్తుంది.

ఎండ తప్పించుకుందామని తెల్లవారుజామున ఆకు కోతకు దిగితే ఆకు మంచుకు తడిసి ఉంటుంది. ఆ తడిలోకి నికోటిన్ దిగి చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. తల తిరగడం, వాంతులు, నీరసం, గుండె దడ. చూడ్డానికి అచ్చం ఎండ దెబ్బలాగే ఉంటుంది. నికోటిన్‌కు గుండె వేగం పెరుగుతుంది కాబట్టి బ్యాండ్ అలారం కూడా మోగుతుంది, అది ఎండ వల్లో ఆకు వల్లో చెప్పదు. ముందు తడిసిన బట్టలు మార్పించి, సబ్బుతో చేతులు, మెడ కడిగించాలి. మేము ఇప్పుడు తడి ఆరేదాకా ఆగి దిగుతున్నాం, మధ్యాహ్నం ముందే ఆపేస్తున్నాం. దానివల్ల కోత ఇంకో రోజు సాగుతుంది.

జవాబు: ఉదయగిరి అమ్మాయి

నేను ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చదువుతున్నా. సెలవుల్లో అమ్మతో కోతలకు పోతా, మిరపకు, నిమ్మకు రెండిటికీ. అందుకే కట్టుకునేవాళ్ళ తరఫున రాస్తున్నా.

అన్నా, మీరు మంచి మనసుతోనే అడిగారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ అంకెలు ఎవరి ఫోనుకు వస్తాయి? మేస్త్రి ఫోనుకే కదా. ఈ రోజు నా అంకె మూడుసార్లు ఎక్కువొచ్చిందనుకోండి. మీ అమ్మ మంచిది కాబట్టి కూర్చోమంటుంది. ఇంకో మేస్త్రి అయితే రేపు ఆటోలో నా చోటు ఇంకొకరికి ఇస్తాడు. "ఆమెకు ఒంట్లో బాగుండదు" అని ఒక్కసారి పేరు పడితే ఆ సీజన్ అయిపోయినట్టే. ఆ భయంతో బ్యాండ్ వదులు చేసుకుంటారు, తీసి జేబులో వేసుకుంటారు. నేనైనా అదే చేస్తా. అంకె కట్టుకున్న మనిషికే కనపడాలి, సాయంత్రం చెరిపెయ్యాలి. గూడూరు అన్న చెప్పిన కేసు భయానికి కూడా అదే మందు. ఎవరినీ పట్టించడానికి కాదు ఇది, ఆ పూట మనిషిని కూర్చోబెట్టడానికి.

రెండోది బస్తా లెక్క. ఇదే అన్నిటికీ మూలం అని నా నమ్మకం. కాలిఫోర్నియాలో తోట కూలీల మీద చేసిన ఒక అధ్యయనంలో, రోజు కూలీకి చేసినవాళ్ళకంటే కోసినదాని లెక్కన డబ్బులు తీసుకునేవాళ్ళకు కిడ్నీ దెబ్బ ఎక్కువ కనిపించింది. ఎందుకో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ 2005 నుంచి ఎండ నిబంధన ఉంది. మనిషికి గంటకు దాదాపు లీటరు మంచినీళ్ళు, 80 ఫారన్‌హీట్ అంటే మన లెక్కలో 27 డిగ్రీలు దాటితే నీడ, చల్లబడాలని అడిగినవాళ్ళకు కనీసం 5 నిమిషాలు విరామం. అయినా లెక్కన కోసేవాళ్ళు విరామం తీసుకుంటే డబ్బు పోతుంది కదా. అందుకని 2016 నుంచి, లెక్కన ఇచ్చే కూలీ కాకుండా, ఆ విరామానికి విడిగా డబ్బు కట్టాలని చట్టం పెట్టారు. అదే దేశంలో ఫ్లోరిడా చూడండి. 2024లో అక్కడి రాష్ట్ర ప్రభుత్వం, ఏ నగరమూ ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది) కూడా సొంతంగా ఇలాంటి ఎండ నిబంధనలు పెట్టకూడదని చట్టం చేసింది. ఆ ఛాతీ పట్టీ పరిశోధన జరుగుతున్నది అక్కడి కూలీల మీదే. పట్టీ హెచ్చరిస్తుంది సరే, హెచ్చరిక విని కూర్చున్న మనిషికి డబ్బు ఎవరిస్తారు?

మన దేశంలో దారి లేకపోలేదు. ‘సేవా’ అనే కూలి, చిన్న పనులు చేసుకునే ఆడవాళ్ళ సంఘంలోని మహిళలకు గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల్లో ఎండ బీమా ఉంది. 2024 వేసవిలో ఎండ హద్దు దాటినప్పుడు మనిషికి 400 రూపాయల చొప్పున చేతికిచ్చారు. పెద్ద మొత్తం కాదు, కానీ ఒక పూట ఇంట్లో కూర్చోవడానికి ధైర్యం ఇస్తుంది. మన డ్వాక్రా సంఘాలు అలాంటిది అడగొచ్చు.

పరికరం మీద ప్రేమ ఉంటే ఇంకొక్కటి చూడండి. ఆ ఎమరీ వాళ్ళే ఫ్లోరిడా కూలీలకు కొందరికి చల్లటి కోటు, కొందరికి మెడకు చుట్టుకునే చల్లటి గుడ్డ ఇచ్చి చూశారు. చిన్న అధ్యయనమే. అందులో కోటుకంటే గుడ్డే బాగా పనిచేసింది. తడి తువ్వాలు మెడకు చుట్టుకోవడానికి చార్జింగ్ అక్కర్లేదు.

మేస్త్రమ్మ కొడుకు

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. మీరు రాసినవన్నీ అమ్మకు చదివి వినిపించాను. ఉదయగిరి చెల్లెలు రాసినది రెండుసార్లు చదివించుకుంది. "ఆ పిల్ల చెప్పింది నిజమే, నేను కూడా నీరసంగా ఉండేవాళ్ళను మర్నాడు పిలవలేదు అప్పుడప్పుడు, వాళ్ళ మంచికే అనుకున్నా" అంది.

ఇరవై కొనడం లేదు. రెండు కొన్నాను. ఒకటి అమ్మకు. రెండోది ఆ రోజు కొత్తగా వచ్చినవాళ్ళకో, మానేసి వచ్చినవాళ్ళకో. నా ఫోనుకు కలపలేదు, అంకె చేతి మీదే కనిపిస్తుంది. బీపీ మాత్రల అట్టలు చూపిస్తే వాటిలో ముగ్గురివి గుండె వేగం తగ్గించేవేనని తేలింది. వాళ్ళకు బ్యాండ్ లేదు, పక్క చెట్టు మనిషి వాళ్ళతో మాట్లాడుతూ ఉండాలి, మాట తేడా వస్తే అరవాలి. వాళ్ళను డాక్టరు దగ్గరికి పంపుతున్నాం. గంటకోసారి అమ్మ అందరినీ ఒక నిమిషం కూర్చోబెడుతుంది, ఆ తర్వాత ఎవరి నాడి వాళ్ళు పట్టుకోవడం నేర్పించాను. చదువు రానివాళ్ళు కూడా బాగానే లెక్కపెడుతున్నారు. పక్కనున్నవాళ్ళు ఫోన్లో 30 సెకన్లు చెప్తారు.

మిగిలిన డబ్బుతో నీళ్ళ క్యాన్లు, ఒక పట్టా, నాలుగు గుంజలకు కట్టే మందపాటి గుడ్డ కొన్నాం. గుడ్డ చాటు తోట మూలన కట్టిన రోజే నీళ్ళ క్యాను ఎప్పుడూ లేనంత తొందరగా ఖాళీ అయింది. అమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది.

కూలీ సంగతి ఇంకా తేలలేదు. మేం పోయే తోటల్లో ఒకాయన మే నెలంతా బస్తా లెక్క మానేసి రోజు కూలీకి ఒప్పుకున్నాడు. ఇంకొకాయన కుదరదన్నాడు. వడగాడ్పుల జాబితాలో మా మండలం ఉన్న రోజుల్లో ఆ తోటకు మనుషులను పంపనని అమ్మ చెప్పేసింది. వాళ్ళు వేరే ముఠాను మాట్లాడుకుంటారేమో, చూడాలి. గూడూరు అన్నా, మీరు పదికల్లా ఆపేసే రోజున కూలీ ఎట్టా లెక్కేస్తారు? పూట కూలీ పూర్తిగా ఇస్తారా, కోసినదానికేనా? మీరెట్టా ఇస్తున్నారో చెప్తే ఆ రెండో ఆయనతో మాట్లాడటానికి పనికొస్తుంది.

కావలి అన్నకు ఒక డౌట్. మోచేతి కింద కట్టినచోట రబ్బరు పట్టీ కింద చెమటకు అమ్మకు పొక్కులు వచ్చాయి. ఏం చేయాలి?

గూడూరు కౌలు రైతు

పూట కూలీ పూర్తిగా ఇస్తా తమ్ముడూ. ఆపింది నేను కదా, వాళ్ళు కాదు. సాయంత్రం మళ్ళీ వచ్చినవాళ్ళకు అది వేరే. ఆయన నంబరు నాకు మెసేజ్ చెయ్యి, నేను మాట్లాడతా. రైతు మాట రైతు వింటాడు.

కావలి వాడు

రబ్బరు పట్టీ తీసేసి నైలాన్ గుడ్డ పట్టీ వెయ్యండి, మీ షాపులోనే దొరుకుతుంది. రెండు పట్టీలు ఉంచుకుని రోజుకొకటి ఉతకండి. చేతులు మార్చి కట్టండి. పొక్కులు మానేదాకా ఆ చేతికి వద్దు.